వీధి వైపు బల్ల

ఈ మధ్య మా వీధి చివర కొత్తగా ఒక టిఫిన్ సెంటరు పెట్టారు. మొన్నొక పొద్దున నడకకు పోయి తిరిగి వస్తుంటే, పెనం మీద పెసరపిండి తిప్పిన వాసన తగిలింది. ముందు పచ్చిపిండి వాసన, దాని వెనకే అల్లం, జీలకర్ర, కాగిన నూనె. బళ్ళారిలో ఇప్పుడు ఏ హోటలు బోర్డు చూసినా పెసరట్టు ఉంటుంది, అదేమీ వింత కాదు. అయినా ఆ వాసనకు నా కాళ్ళు ఆగిపోతాయి. లోపలికి పోయి కూర్చున్నాను. ఎదురుగా బోర్లించిన స్టీలు గ్లాసుల్లో ఒకటి తీసుకుని, చేత్తో తిప్పి అడుగు చూశాను. అంచు మీద బొటనవేలితో ఒకసారి రాశాను. ఏం కావాలో అడగడానికి వచ్చిన పిల్ల "కడిగిందేలే తాతా అది" అంది, కొంచెం చిన్నబుచ్చుకుని. "కడిగిందేనమ్మా. నాకిది అలవాటు, అంతే" అన్నాను.

ఆ అలవాటు నిజానికి నాది కాదు, నాగప్ప శెట్టిది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయనను ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఆయనకు బజారులో పాత్రల అంగడి ఉండేది. నేను కురుగోడు నుంచి వచ్చి ఆయన దగ్గర పనికి చేరినప్పుడు నాకు ఇరవై దాటి ఉంటాయి. కొన్న పాత్రల మీద చిన్న ఉలితో, సుత్తితో పేర్లు కొట్టడం నా పని. మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు, కన్నడ అక్షరాలు రెండూ కొట్టగలిగినందుకే శెట్టి నన్ను పెట్టుకున్నాడు. ఊరు మైసూరు రాజ్యంలోకి పోయిన తర్వాత కాలమది. ఒకే ఇంట్లో అత్తగారు తెలుగులో కొట్టమంటే కోడలు కన్నడంలో కొట్టమనేది.

శెట్టికి అప్పటికే యాభై దగ్గర పడ్డాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ఆయనకు ఒకే ఒక వ్యసనం, హోటల్లో తినడం. ఇప్పటివాళ్ళకు ఇందులో వ్యసనం ఏముందో అర్థం కాదు. ఆ రోజుల్లో పెద్ద ఇళ్ళవాళ్ళు హోటలుకు పోవడమంటే ఇంటికి మచ్చ. "ఇంట్లో పెండ్లం వండి పెట్టలేదా?" అనేవాళ్ళు. అందుకే ప్రతి హోటల్లోనూ లోపల ఒక చీకటి గది ఉండేది. పరువుగలవాళ్ళు ఆ గదిలో కూర్చుని తిని, మూతి తుడుచుకుని, వీధి అటూ ఇటూ చూసి బయటపడేవాళ్ళు. వీధి వైపు ఉండే బల్ల జట్కావాళ్ళది, హమాలీలది. శెట్టి కూడా లోపలి గదిలోనే కూర్చునేవాడు. ఇంటికి పోయాక మాత్రం దాచేవాడు కాదు. దాచినా ఆయన భార్య పసిగట్టేది. "హోటలు నీళ్ళు తాగొచ్చినావు గదా, బచ్చలింట్లోకి నడువు, తలమింద నాలుగు చెంబులు పోసుకున్నాకే వంటింటి గడప" అనేది. ఆయన నవ్వుకుంటూ పోయి నిలబడేవాడు.

"ఎందుకు సావుకారూ ఈ తిప్పలు?" అని ఒకసారి అడిగాను.

"మన పాత్రలు అమ్మినాక ఏమైతాండాయో చూడొద్దాప్పా? కూతుర్ని ఇచ్చినోడు ఊరికే ఉంటాడా?" అన్నాడు. నిజంగానే, ఏ హోటలుకు పోయినా ముందు గ్లాసు తిప్పి అడుగు చూసేవాడు. సొట్టలు పడ్డాయా, అంచు పదునెక్కిందా అని వేలితో రాసి చూసేవాడు. అది అయ్యాకే తిండి.

అంగడి సెలవు రోజు సాయంత్రాలు ఆయన వెంట నేను, ఖాదరు పోయేవాళ్ళం. ఖాదరు మా అంగడి వసారాలోనే కూర్చుని ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవాడు. నా ఈడువాడే. ఊళ్ళో ఎక్కడ కొత్త పదార్థం వచ్చిందని తెలిసినా ముగ్గురం పోయి తినాల్సిందే. మొదట ఒకే ప్లేటు చెప్పేవాడు శెట్టి. వచ్చినదాన్ని ఆయనే మూడు ముక్కలు చేసి మా ముందుకు తోసేవాడు. ఖాదరు పక్కన ఆయన కూర్చోవడం చూసి ఒక హోటలాయన కన్నడంలో ఏదో గొణిగితే, "మూరు జన, ఒందే ప్లేటు, బేగ తన్ని" అని గట్టిగా చెప్పి ఊరుకున్నాడు. ముగ్గురం, ఒకటే ప్లేటు, తొందరగా తెమ్మని. అంతకు మించి వాదన లేదు.

నేను ఊరి నుంచి వచ్చేనాటికి నాకు తెలిసిన హోటలు తిండి ఉగ్గాని ఒక్కటే. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జి. మసాలా దోసె మొదటిసారి చూసినప్పుడు మడత విప్పి, లోపల ఉర్లగడ్డ కూర చూసి నవ్వాను. "ఇదేంది సావుకారూ, దొంగసొత్తు మాదిరి కూర లోపల దాచిపెట్టినారు!" అన్నాను. ఖాదరు పొలమారేదాకా నవ్వాడు. శెట్టి నవ్వలేదు. తన ముక్క తిని, నీళ్ళు ఎత్తి తాగి, అప్పుడు చెప్పాడు.

"మొదటిసారి తినేటప్పుడు నువ్వు దాన్ని తినవప్పా. మీయమ్మ చేసినదాంతో కొలుస్తాంటావు. రెండోసారికి గానీ దాని రుచి నీ నాలికకు తెలీదు. మొదటిసారి నోరుండేది తినేదానికి. మాట్లాడేది రెండోసారి తిన్నంక."

ఇది మా ముగ్గురి మధ్య కట్టుబాటుగా మారింది. ఖాదరు పాటించాడు. శెట్టి సరేసరి. నేను పైకి తలూపి, లోపల పాటించలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పగలను. కురుగోడు నుంచి వచ్చిన నాకు ఆ బజారులో చోటు దొరికింది నా చేతిపని వల్ల కాదు, నా నోటి వల్ల. ఒక హోటలు కాఫీ పలచగా ఉంటే దానికి 'కాలువ కాఫీ' అని పేరు పెట్టాను. వారం తిరక్కముందే బజారంతా ఆ హోటలును అదే పేరుతో పిలిచింది. మిఠాయి చిన్న చిన్న ముక్కలు కోసి ఇచ్చే ఒకాయన 'చిటికెడప్ప' అయిపోయాడు. బట్టల అంగళ్ళ కుర్రాళ్ళు సాయంత్రం నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకునేవాళ్ళు. "ఓబులేసూ, ఈ పొద్దు ఎవరికి పెట్టినావప్పా పేరు?" అని అడిగేవాళ్ళు. నవ్వించేవాడికి అందరూ జరిగి చోటిస్తారు. ఆ చోటు పోతుందేమోనన్న భయం నన్ను చాలా కాలం నడిపించింది. ఇత్తడి మీద కొట్టే పేరుకు ఒక గడియ పట్టేది. నోటితో కొట్టే పేరుకు క్షణం చాలేది.

అలాంటి రోజుల్లో వీర్రాజు, ఆయన భార్య సీతారత్నం మా అంగడికి వచ్చారు. వాళ్ళది గోదావరి వైపు పల్లె. డ్యాము కట్టి కాలువలు పారించాక ఆయన తమ్ముడు ఇక్కడ వరి భూమి కొంటే, వీళ్ళూ వెంట వచ్చారు. వీర్రాజుకు ఉబ్బసం. బురదలో నిలబడి సేద్యం చేయలేకపోయాడు. స్టేషను రోడ్డులో చిన్న గది తీసుకుని ఫలహారశాల పెడుతున్నామని, గ్లాసులూ ప్లేట్లూ కావాలని అడిగారు. ఇత్తడి చూపిస్తే ఆమె వద్దంది. అప్పుడప్పుడే వస్తున్న, కళాయి అక్కరలేని ఎవర్‌సిల్వర్ స్టీలు గ్లాసుల వైపు చెయ్యి చూపింది. వసారాలోంచి ఖాదరు "అక్కా, అవి కొంటే నా కళాయి ఏం గావాల?" అన్నాడు. "మీరు మా పెసరట్టు తినడానికి రండి తమ్ముడూ, బాకీ తీరిపోతుంది" అందామె.

గ్లాసుల మీద ఆమె పేరే కొట్టించాలని భర్త అన్నప్పుడు మాత్రం ఆమె సిగ్గుపడింది. "వద్దండీ, నా పేరెందుకు? పదిమందీ నోరు పెట్టి తాగేవాటి మీద ఆడదాని పేరేమిటి?"

"ఈ ఊర్లో ఎవరూ నోరు పెట్టరమ్మా, ఎత్తి తాగుతారు" అన్నాడు శెట్టి. "నీ పేరు మీద ఎవరి నోరూ తగలదు. కొట్టప్పా ఓబులేసూ. ఈ పక్క తెలుగు, ఆ పక్క కన్నడం. వచ్చినోళ్ళు ఎవరైనా చదువుకోనీ."

నేను ఆ మధ్యాహ్నమంతా కూర్చుని కొట్టాను. ఒక వైపు 'సీతారత్నం ఫలహారశాల', రెండో వైపు అదే పేరు కన్నడంలో. ఆమె ఒక గ్లాసు తీసుకుని కన్నడ అక్షరాల మీద చూపుడువేలు ఆనించి, "ఇదీ నేనేనా బాబూ?" అంది. "నువ్వేనమ్మా" అన్నాను. పోతూ పోతూ ఆమె గ్లాసుల బుట్టను తలకెత్తుకోబోయి, ఒకసారి చేత్తో కదిపి, ఆ చప్పుడు విని నవ్వింది. "నా గాజులేనండీ ఇవి. నాలుగు బంగారు గాజులూ ఇలా గ్లాసులైపోయాయి. ఇది గాని నిలబడకపోతే మళ్ళీ మరిదిగారి చేలో నాట్లకు పోవడమే." ఆమె చేతులకు అప్పుడు గాజుగాజులు తప్ప మరేమీ లేవని నేను చూశాను. చూసి మరిచిపోయాను.

ఫలహారశాల తెరిచిన వారంలోనే ముగ్గురం పోయాం. చిన్న గది. లోపల గోడవార రెండు బల్లలు, బయట వీధి వైపు ఒకటి. మేము లోపల కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర బట్టల అంగళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు ఉన్నారు. నన్ను చూడగానే ఏదో వినబోతున్నట్టు ఇటు తిరిగారు. సీతారత్నం పళ్ళెం తెచ్చి పెట్టింది. పచ్చగా, అంచులు కరకరలాడుతూ, మధ్యలో ఉల్లిపాయ ముక్కలతో పెసరట్టు. మా ఊళ్ళో దోసె అంటే తెల్లటి పిండితో ఎర్రగా కాల్చినది. పచ్చటి దోసె నేను ఎరగను. శెట్టి మూడు ముక్కలు చేశాడు. నేను ఒక్క తునక నోట్లో పెట్టుకున్నాను. రుచి చూసుకున్నానని కూడా చెప్పలేను. పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు, అదొక్కటే తెలుసు.

"సావుకారూ, ఇది దోసె గాదు. మా ఎనుము గడ్డి మేసి, సగం నెమరేసి, ఈడ దించిపోయింది!"

ఖాదరు కూడా నవ్వాడు, ఆపుకోలేక. పక్క బల్లవాళ్ళు బల్ల చరిచి నవ్వారు. పొయ్యి దగ్గర అట్లకాడ చప్పుడు ఆగింది. శెట్టి తలెత్తలేదు. తన ముక్క తిన్నాడు, ఖాదరు వదిలేసినదీ తిన్నాడు, నా ముక్కలో మిగిలినదీ తీసుకుని తిన్నాడు. ఒకరు వదిలింది ఇంకొకరు తినడం ఆ ఇంటి మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నేను ఆ సాయంత్రం కుర్రాళ్ళ అరుగు మీదే కూర్చున్నాను.

తర్వాత జరిగింది నేను చేసినట్టు కాదు, దానంతట అది జరిగినట్టే ఉండేది. 'నెమరు హోటలు' అన్న పేరు బజారు దాటింది, స్టేషను దాటింది. జట్కావాళ్ళు "యాడ దించల్ల? నెమరు హోటలు కాడనా?" అని అడిగేవాళ్ళు. పోయేవాళ్ళు ఆ గది ముందు నిలబడి 'అంబా' అని అరిచి పోయేవాళ్ళు. నేను కొట్టిన పేరు గ్లాసుల మీదే ఉండిపోయింది. అందరూ నీళ్ళు ఎత్తి తాగారు. ఆమె పేరు మీద నోరు పెట్టింది నేనొక్కణ్ణే.

ఖాదరు ద్వారా ఇదంతా శెట్టికి తెలిసింది. ఆయన కేకలేస్తాడని ఎదురుచూశాను. అంగడి మూసే వేళకు తాళాలు చేతిలో పెట్టుకుని, "రేపట్నుంచి పొద్దున టిఫిను ఆడనే. ఇద్దరమూ. వీధి వైపు బల్ల" అన్నాడు.

"ఆ బల్ల మిందనా? మిమ్మల్ని అందరూ చూస్తారు గద సావుకారూ."

"చూడల్లనే గదప్పా కూర్చునేది."

మరుసటి పొద్దున బజారు తెరిచే వేళకు, జనం పోతూ వస్తూ ఉండగా, నాగప్ప శెట్టి తలపాగా చుట్టుకుని, జట్కావాళ్ళ బల్ల మీద కూర్చుని పెసరట్టు తిన్నాడు. ఆయన వాడకట్టు పెద్దమనిషి ఒకాయన చేతికర్రతో ఆగి, "ఏంది నాగప్పా, ఇంట్లో పొయ్యి రాజలేదా?" అన్నాడు. "రాజింది మామా. ఆడికీ పోతా. ముందు ఇది. నువ్వూ రా, ఒకటి తిందువు" అన్నాడు శెట్టి పళ్ళెం చూపిస్తూ. ఆ పెద్దాయన ఉమ్మేసి పోయాడు. శెట్టి చెవులు ఎర్రబడ్డాయి. తినడం మాత్రం ఆపలేదు.

నేను ఆయన పక్కన తల వంచుకుని తిన్నాను. ఆ రోజు అది నాకు రెండోసారి. పెసరపిండి కమ్మదనం, అల్లం ఘాటు, మధ్యలో ఉల్లిపాయ తియ్యగా తగిలింది. అల్లప్పచ్చడి మళ్ళీ వేయించుకున్నాను. శెట్టి చెప్పింది అక్షరాలా నిజమైంది. అది నేను ఒప్పుకుని ఉండాలి, అక్కడే, నోరు విప్పి. విప్పలేదు. పళ్ళెం ఖాళీ చేసి లేచాను.

మెల్లగా ఒకరిద్దరు రావడం మొదలైంది. శెట్టి తింటున్నాడంటే ఏదో ఉందనుకున్నారు. ఒక రైల్వే గుమాస్తా, ఆయన వెంట ఇంకొకాయన. సీతారత్నం ముఖంలో రంగు వచ్చింది. అంతలో శెట్టికి సరుకు కోసం మద్రాసు పోవాల్సి వచ్చింది. బయలుదేరేటప్పుడు ఒక్క మాటే చెప్పాడు. "నేను లేనని బల్ల ఖాళీ పెట్టొద్దు. ఆ ఆడమనిషి బతుకు ఇప్పుడు నీ మూతి మింద ఉండాది. నువ్వు తింటాండేది జనం చూడల్ల."

ఒంటరిగా కూర్చున్న మొదటి పొద్దునే బట్టల అంగళ్ళ కుర్రాళ్ళు గుంపుగా వచ్చారు. రోడ్డు మధ్య నిలబడి, "ఏమప్పా ఓబులేసూ, నెమరేస్తాండావా?" అని ఒకడు అరిచాడు. లోపల ఆ రైల్వే గుమాస్తా ఉన్నాడు. సీతారత్నం పచ్చడి గిన్నెతో నా పక్కనే నిలబడి ఉంది. 'ఇది బాగుండాది, మీరూ తినండి' అని నేను అనాల్సింది అప్పుడు. నోట్లో ముద్ద ఉంది. ఆ ముద్ద రుచిగా ఉంది. నేను చేసింది ఏమిటంటే, కళ్ళు సగం మూసి, దవడ పక్కకు తిప్పుతూ, ఎనుము నమిలినట్టు నమిలి చూపించాను. వీధంతా నవ్వింది. మొదటిసారి నాది తెలియనితనం అనుకున్నా, రెండోసారి అది పిరికితనం. ఆ పేరు తప్ప దానికి వేరే పేరు పెట్టలేను.

సీతారత్నం నా పళ్ళెంలో పచ్చడి వేసి లోపలికి పోయింది. ఆ మర్నాటి నుంచి నేను ఆ వీధి మొహం చూడలేదు. చేతినిండా పని అని నాకు నేను చెప్పుకున్నాను. అంగడి మూలన కూర్చుని ఎవరెవరి పేర్లో కొడుతూ ఉన్నాను.

శెట్టి తిరిగి వచ్చేసరికి ఫలహారశాల మూతపడింది. అడక్కుండానే ఆయనకు అంతా తెలిసినట్టుంది. నాకు మామూలుగానే పని చెప్పాడు. అదే నాకు మరీ కష్టంగా ఉంది. ఆయన వచ్చిన మూడో పొద్దున సీతారత్నం గ్లాసుల బుట్టతో వచ్చింది. భర్త బయటే నిలబడి ఆయాసపడుతున్నాడు.

"సండూరు వెళ్ళిపోతున్నామండీ" అంది శెట్టితో. "గనుల లారీలు ఆగేచోట పాక వేసుకుంటాం. ఈ పేరు చెరిపిపెట్టగలరా? పేరుంటే అక్కడికీ ఎవరో ఒకరు మోసుకొస్తారు."

శెట్టి లేచి, ఆకురాయి తెచ్చి నా ముందు పెట్టాడు. "పేరు కొట్టింది ఈడు. చెరిపేదీ ఈడే. వీణ్ణి అడుగమ్మా."

ఒక గ్లాసు తొడ మీద పెట్టుకున్నాను. నేను కొట్టిన అక్షరాలే, నున్నగా, వరసగా ఉన్నాయి. ఆకురాయి ఆనించి, లాగలేకపోయాను. తలెత్తకుండానే, "పెసరట్టు బాగుండెనమ్మా. రెండోసారి తిన్నప్పుడే తెలిసె నాకు. తప్పు చేస్తిని" అన్నాను.

"బాగుందని నాకు తెలుసు బాబూ. అల్లప్పచ్చడి మళ్ళీ అడిగి వేయించుకున్నారుగా. వండినదానికి తెలీదా?" ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ మాట ఇక్కడ నాతో చెప్పి ఏం లాభం? ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు చెప్పాల్సింది."

వసారాలో ఖాదరు కొలిమి తిత్తి ఆపేశాడు. శెట్టి నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు.

"చెరిపేది వద్దు తల్లీ. పాడయింది ఈ ఊరి నోరు, నీ పేరు గాదు. ఈ పేరుతోనే పో. ఆడ లారీవాళ్ళు చదువుకుంటారు. ఇది ఒక్కటి మాత్రం నాకిచ్చిపో."

ఆమె ఆ గ్లాసును ఆయన చేతిలోనే వదిలేసి బుట్ట ఎత్తుకుంది. ఈసారి గ్లాసులు కదపలేదు, చప్పుడు వినలేదు.

ఆ సాయంత్రం అంగడి మూశాక శెట్టి గడప మీద కూర్చుని నన్ను కూర్చోమన్నాడు. "తప్పు నాదీ ఉండాదప్పా" అన్నాడు. నేను అదిరిపడ్డాను. "రెండోసారి తినేదాకా మాట్లాడొద్దని మీకు నేర్పిస్తిని. అది బాగలేని దానికి. బాగుంటే ఆగద్దని చెప్పలే. మొదట పోయిన పొద్దు నేనూ ఊరికే తింటి. నువ్వు వదిలిందీ తింటి గానీ, బాగుండాదని ఒక్క మాట గట్టిగా అనలేదు. పెద్దమనిషినని లోపల కూర్చుని ఊరుకుంటి. బాగలేకుంటే రెండోసారి దాకా ఆగల్ల. బాగుంటే మొదటిసారే చెప్పల్ల, వీధికి వినపడేట్టు చెప్పల్ల. ఇది మనిషికైనా అంతే."

ఆ గ్లాసును ఆయన అంగట్లో నీళ్ళ కుండ మీద బోర్లించాడు. నేను నీళ్ళు తాగాలంటే అందులోనే తాగాలి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు. ఆ తర్వాత నేను ఎవరికీ పేర్లు పెట్టలేదని అనను. నాలుక పాత అలవాటు ఒక్కనాడు మానదు. కానీ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆ కుండ వైపు చూసేవాణ్ణి. అరుగు మీద నా చోటు మెల్లగా పోయింది. కొన్నాళ్ళు అది చాలా బాధగా ఉండింది.

మరుసటి ఏడు వానలు తగ్గాక శెట్టి మమ్మల్నిద్దరినీ బస్సులో సండూరు తీసుకుపోయాడు. కొండల మీంచి ఖనిజం లారీలు దిగుతున్నాయి. రోడ్డు, చెట్లు, మనుషుల కనురెప్పలు, అన్నీ ఎర్రదుమ్ము. లారీలు ఆగేచోట తాటాకుల పాక, దానికి లోపలి గదంటూ లేదు. బల్లలన్నీ బయటే. డ్రైవర్లు, క్లీనర్లు, గనుల కూలీలు ఆవిరి కక్కే పెసరట్లు తింటున్నారు. వాళ్ళ చేతుల్లో ఎర్రదుమ్ము పట్టిన ఎవర్‌సిల్వర్ గ్లాసులు, వాటి మీద నేను కొట్టిన పేరు. శెట్టి ఒక గ్లాసు తిప్పి అడుగు చూసి, అంచు వేలితో రాసి, తృప్తిగా తలూపాడు. ఖాదరు "అక్కా, బాకీ వసూలుకొచ్చినా" అన్నాడు. ఆమె నవ్వింది, అతణ్ణి చూసి.

నా పళ్ళెం వచ్చింది. ఒక ముక్క తిన్నాను. మింగి తలెత్తాను. "బాగుండాదమ్మా!" అన్నాను. గొంతు ఎక్కువైపోయింది. పక్కనున్న డ్రైవరు ఉలిక్కిపడి చూశాడు. "బాగుండకపోతే మేమెందుకు ఈడ లారీలు ఆపుతామప్పా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా మీద. దాన్ని నేను కిందకు చూడకుండా భరించాను. సీతారత్నం నా దగ్గరకు వచ్చి, "ఇంకోటి వెయ్యమంటారా?" అంది. అందరినీ అడిగినట్టే అడిగింది, అంతకన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు. క్షమించిందో లేదో నాకు తెలియదు. వెయ్యమన్నాను.

శెట్టి చివరి రోజుల్లో మంచం పట్టాక హోటలు తిండికి డాక్టరు ఒప్పుకోలేదు. నేను సాయంత్రాలు పోయి ఎక్కడ ఏం కొత్తగా వచ్చిందో చెప్పేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని వింటూ, "రెండోసారి తింటివా?" అని అడిగేవాడు. తిన్నానంటేనే మిగతాది చెప్పనిచ్చేవాడు. ఒకసారి ఆయన భార్యే, నాలుగు చెంబుల స్నానం చేయించిన ఆవిడే, ఎవరికీ కనపడకుండా నన్ను పక్కకు పిలిచి, "ఆయనకు ఇష్టమైన ఉగ్గాని, బజ్జి ఏదన్నా మంచి హోటల్నుంచి తీసకరా నాయనా. బచ్చలింటి స్నానం ఈసారికి నేను చేస్తాలే" అంది. కుండ మీది గ్లాసు నాకిమ్మని ఆయన పోయే ముందే ఆవిడతో చెప్పిపెట్టాడు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. తెలుగు వైపు అక్షరాలు అరిగాయి గానీ చదవడానికి వస్తాయి. నేను దాన్ని ఎత్తి తాగుతాను, పెదవి ఆనించను.

మొన్నటి టిఫిన్ సెంటర్లో ఆ పిల్ల పెసరట్టు తెచ్చి పెట్టి, పోకుండా అక్కడే నిలబడింది. కొత్తగా పెట్టిన అంగడి కదా, ముసలివాడు ఏమంటాడోనని కాబోలు. పొయ్యి దగ్గర వాళ్ళమ్మ కూడా అట్లకాడ ఆపి ఇటే చూస్తోంది. అది నాకు అక్కడ మొదటిసారి. అల్లం కొంచెం తక్కువైంది. ఆ సంగతి మళ్ళీ వచ్చినప్పుడు చూసుకోవచ్చు. అంచు మాత్రం కరకరలాడుతూ, లోపల మెత్తగా, అచ్చం కుదిరింది. పళ్ళెం పట్టుకుని లేచాను. "ఏమైంది తాతా, ఫ్యాను గాలి సాలదా?" అంది ఆ పిల్ల. సాలుతుందని చెప్పి, బయటికి పోయి వీధి వైపు బల్ల మీద కూర్చున్నాను. స్కూలు పిల్లలు, పాలవాళ్ళు, మోటారు సైకిళ్ళు పోతున్నాయి. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, లోపలికి కాదు, వీధి వైపే తిరిగి చెప్పాను.

"బాగా చేసినావమ్మా!"